లేటైన రైలు, ఒక కత్తి, ఒక గిటార్: సికింద్రాబాద్‌లో బ్లూస్ నేర్చుకోవడం

 

ఈరోజుది గిటార్ ఎపిసోడే. కానీ ముందే చెప్పేస్తున్నా, ఇది "పది నిమిషాల్లో పది బ్లూస్ లిక్స్" టైపు వీడియో కాదు. అలాంటివి మీ ఫోన్‌లో ఇప్పటికే యాభై సేవ్ చేసుకుని ఉంటారు. నేనూ చేసుకున్నా. ఈరోజు మాట్లాడుకునేది వేరే విషయం. ఆ లిక్స్‌ని మనకంటే ముందు వాళ్లు ఎలా నేర్చుకున్నారు? టీచర్ లేదు, ట్యాబ్ లేదు, చాలామందికి సరైన గిటార్ కూడా లేదు. అయినా నేర్చుకున్నారు. ఎలా? ఆ కథలో మన సికింద్రాబాద్ ఎక్కడ వస్తుంది? చివర్లో గిటార్ తీసి ఒక చిన్న లిక్ కూడా చూద్దాం. కాబట్టి గిటార్ పక్కన పెట్టుకోండి.

ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్తాను.

స్టేజ్ మీద ఏం జరిగిందంటే

2000 సంవత్సరం చుట్టుపక్కల అనుకోండి. నేను ఇంటర్ సెకండియర్. కాలేజీ యాన్యువల్ డేలో గిటార్ సోలో కొట్టాలని డిసైడ్ అయ్యాను. ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని ఒక బ్లూస్ సోలో ట్యాబ్ ప్రింట్ తీసుకున్నా. నాలుగు పేజీలు. మూడు నెలలు ప్రాక్టీస్. ఏ తీగ, ఏ ఫ్రెట్, అంతా బట్టీ. అచ్చం ఎక్కాలు బట్టీ పట్టినట్టే.

ఆ రోజు ఒక్క తప్పు కూడా పోలేదు. నిజంగా చెప్తున్నా, ఒక్క నోట్ కూడా తప్పు పడలేదు. అయినా హాల్లో ఎవరికీ ఏమీ అనిపించలేదు. మర్యాదకి నాలుగు చప్పట్లు కొట్టారు. నా తర్వాత ఒక అమ్మాయి వచ్చి మామూలుగా ఒక జానపదం పాడింది, మైక్ కూడా సరిగ్గా పనిచేయలేదు, హాల్ మొత్తం ఊగిపోయింది.

బయటికొస్తే మా మెట్టుగూడ అంకుల్ ఒకాయన కనిపించారు. ఆంగ్లో ఇండియన్, రైల్వేలో గార్డ్‌గా చేసి రిటైరయ్యారు. మనవణ్ణి చూడ్డానికి వచ్చారు. నన్ను చూసి నవ్వి, "ఎందుకు మ్యాన్ అంత తొందర? రైలు వెళ్లిపోతోందా?" అన్నారు. నేను గింజుకుంటూ, "అంకుల్, నోట్స్ అన్నీ కరెక్టే కదా" అన్నా. "నోట్స్ కరెక్టే బాబూ. కానీ నువ్వు స్పెల్లింగ్ చెప్పావ్, మాట చెప్పలేదు" అన్నారు.

అప్పుడు కోపం వచ్చింది. ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక రైల్వే స్టేషన్‌కి వెళ్లాలి. మనది కాదు, అమెరికాలో ఉన్న ఇంకోటి.

తొమ్మిది గంటలు లేటైన రైలు

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం. టట్‌వైలర్ అనే చిన్న ఊరు. 1903 ప్రాంతం. డబ్ల్యూ సీ హ్యాండీ అనే బ్యాండ్ మాస్టర్ రాత్రిపూట ప్లాట్‌ఫామ్ మీద రైలు కోసం ఎదురుచూస్తున్నాడు. రైలు తొమ్మిది గంటలు లేటు. మనకి ఈ ఫీలింగ్ బాగా తెలుసు కదా! కూర్చునే కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి పక్కన ఒక మనిషి గిటార్ వాయిస్తున్నాడు. చిరిగిన బట్టలు, షూలోంచి బయటికొచ్చిన కాలివేళ్లు. తీగల్ని వేళ్లతో నొక్కట్లేదు, కత్తిని వాటిమీద ఆనించి జారుస్తున్నాడు. రెండు రైలు మార్గాలు కలిసే చోటికి పోతున్నానని పాడుతున్నాడు. ఒకే లైన్‌ని మూడుసార్లు పాడాడు, దానికి గిటార్‌తో తనే జవాబు ఇచ్చుకున్నాడు.

రెండు లైన్లు కలిసే చోటంటే మన భాషలో జంక్షన్. మన దగ్గర కాజీపేట లాంటిది అనుకోండి.

హ్యాండీ చదువుకున్న మ్యూజిషియన్, నొటేషన్ తెలిసినవాడు. అలాంటి మ్యూజిక్ ఆయన ఎప్పుడూ వినలేదు. తర్వాత 1912లో "మెంఫిస్ బ్లూస్", 1914లో "సెయింట్ లూయిస్ బ్లూస్" అచ్చు వేసి పేరు తెచ్చుకున్నాడు. 1941లో రాసుకున్న ఆత్మకథలో ఈ ప్లాట్‌ఫామ్ సంగతి చెప్పాడు. కానీ ఆ కత్తితో వాయించిన మనిషి పేరు మాత్రం ఆ పుస్తకంలో లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఆ సంగీతం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1865లో అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం పోయింది. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి జనం బతుకు పెద్దగా మారలేదు. భూమి వేరేవాళ్లది, పత్తి పండించేది వీళ్లు. పంట అమ్మాక లెక్క చూస్తే అప్పే మిగిలేది. కౌలు రైతు బాధ మన ఊళ్లల్లో తెలియనిది కాదు. పొలంలో ఒకరు గొంతెత్తి అంటే దూరంగా ఇంకొకరు బదులు ఇచ్చేవాళ్లు. ఆ పిలుపు, ఆ బదులే బ్లూస్‌కి పునాది. ఇక రైలు ఎందుకంటే, ఆ పొలం నుంచి బయటపడే దారి అదే. 1943లో మడ్డీ వాటర్స్ అనే పొలం కూలీ రైలెక్కి షికాగో వెళ్లిపోయాడు. అక్కడి బార్లలో గోల ఎక్కువ, మామూలు గిటార్ వినపడదు. ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. ఈరోజు మనం "లీడ్ గిటార్" అనే సౌండ్‌లో సగం ఆ గోలలోంచే వచ్చింది.

రాని పని నుంచి వచ్చిన స్టైల్

ఇప్పుడు అసలు పాయింట్. బీబీ కింగ్ పేరు విన్నారు కదా? అసలు పేరు రైలీ కింగ్. 1925లో మిసిసిపీలోనే పుట్టాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు మెంఫిస్ ఊరికి వచ్చి, తల్లి వైపు చుట్టం బుక్కా వైట్ ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాడు. బుక్కా వైట్ స్లైడ్ గిటార్‌లో దిట్ట. తీగ మీద లోహపు గొట్టం జారిస్తే గిటార్ ఏడ్చినట్టు వినిపిస్తుంది.

కింగ్‌కి ఆ సౌండ్ అంటే పిచ్చి. కానీ ఎంత ప్రయత్నించినా స్లైడ్ చేతికి రాలేదు. ఏం చేశాడు? గొట్టం పక్కన పెట్టేసి, తీగ నొక్కిన వేలినే వణికించడం మొదలుపెట్టాడు. చెయ్యి మొత్తం సీతాకోకచిలుక రెక్కలా ఊగుతుంది. ఆ వణుకే, దాన్నే వైబ్రాటో అంటాం, ప్రపంచంలో ప్రతి లీడ్ గిటారిస్టు కాపీ కొట్టిన సౌండ్ అయింది. ఈ సంగతి బీబీ కింగే చాలాసార్లు చెప్పాడు.

చూడండి, తనకి రాని దాని దగ్గరికి వేరే దారిలో వెళ్లబోయాడు. ఆ వేరే దారే ఆయన సంతకం అయింది. ఇంకో విషయం, ఆయన పాడుతూ ఒకేసారి వాయించేవాడు కాదు. ఒక లైన్ పాడతాడు, ఆగుతాడు, గిటార్ బదులిస్తుంది. మళ్లీ పాడతాడు. అంటే గిటార్ కూడా ఒక గొంతే.

ఇదే కథ సముద్రం అవతల కూడా జరిగింది. మళ్లీ రైల్వే స్టేషనే! 1961 అక్టోబర్ 17, ఇంగ్లండ్‌లో డార్ట్‌ఫర్డ్ స్టేషన్. కీత్ రిచర్డ్స్ అనే కుర్రాడికి ప్లాట్‌ఫామ్ మీద చిన్నప్పటి దోస్త్ మిక్ జాగర్ కనిపించాడు. జాగర్ చంకలో రెండు రికార్డులు, ఒకటి చక్ బెర్రీది, ఒకటి మడ్డీ వాటర్స్‌ది. అమెరికా నుంచి తెప్పించుకున్నవి. మాటా మాటా కలిసింది, రోలింగ్ స్టోన్స్ పుట్టింది. బ్యాండ్ పేరు కూడా మడ్డీ వాటర్స్ పాట నుంచే.

ఆ కుర్రాళ్లకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. రికార్డ్ ప్లేయర్ మీద పెట్టి, అరిగిపోయేదాకా వినడం. స్పీడుగా ఉన్న ముక్క అర్థం కాకపోతే 33 స్పీడ్ రికార్డుని 16లో తిప్పేవాళ్లు. సగం స్పీడ్, కానీ శ్రుతి కూడా ఒక స్థాయి కిందికి దిగిపోతుంది. ఆ గుర్రు గుర్రు సౌండ్‌లోంచి నోట్స్ ఏరుకోవాలి.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. ఆ రోజుల్లో గిటార్ మూడో తీగ మీద మామూలుగా ఇంకో సన్నని తీగ చుట్టి ఉండేది. అది లాగితే వంగదు. అందుకే 1950ల్లో కొందరు అమెరికా గిటారిస్టులు బాంజో తీగ తెచ్చి మొదటి తీగగా కట్టి, మిగతావన్నీ ఒక్కో స్థానం పక్కకి జరిపేవాళ్లు. 1960ల మొదట్లోనే సన్న తీగల సెట్లు రెడీమేడ్‌గా మార్కెట్‌లోకి వచ్చాయి. మీరు ఈరోజు తీగని ఈజీగా వంచుతున్నారంటే దాని వెనక ఇంత తంటా ఉంది.

మరి మన ఊళ్లో?

ఇప్పుడు ఇంటికొద్దాం. సికింద్రాబాద్ ఎలా పుట్టింది? 1798లో నిజాంకీ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. హుస్సేన్‌సాగర్‌కి ఉత్తరాన కంపెనీ సైన్యం మకాం వేసింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఆ మకాంకి సికింద్రాబాద్ అని పేరు పడింది. సైన్యం ఉంటే బ్యాండ్ ఉంటుంది, చర్చి ఉంటుంది, క్లబ్ ఉంటుంది. మన ఎంజీ రోడ్ అప్పట్లో జేమ్స్ స్ట్రీట్, ఆర్పీ రోడ్ అప్పట్లో కింగ్స్‌వే.

తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి లైన్ పడింది. 1893లో లాలాగూడలో వర్క్‌షాప్ వచ్చింది. రైలు నడపడానికి డ్రైవర్లు, గార్డులు, ఫిట్టర్లు కావాలి. ఆ ఉద్యోగాల్లో ఆంగ్లో ఇండియన్లు పెద్ద సంఖ్యలో చేరారు. లాలాగూడ, మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్స్‌లో ఒక ప్రపంచమే తయారైంది. పెంకుటిళ్లు, గేటు దగ్గర పూలకుండీలు, ఇంట్లో పియానోనో గిటారో, క్రిస్మస్‌కి రోజ్ కుకీలు.

దేశంలో రైల్వే కాలనీ ఎక్కడున్నా అక్కడొక ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇన్‌స్టిట్యూట్ అంటే చదువు చెప్పేది కాదు, ఉద్యోగుల క్లబ్ లాంటిది. శనివారం రాత్రి, క్రిస్మస్‌కి, న్యూ ఇయర్‌కి డాన్సులు. డాన్స్ అంటే లైవ్ బ్యాండ్. అప్పట్లో పాటలు అందేది ఎలా? షార్ట్‌వేవ్ రేడియో. రేడియో సిలోన్ ఇంగ్లిష్ ప్రోగ్రాములు, 1955 నుంచి వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ జాజ్ ప్రోగ్రామ్. గరగరలాడే సౌండ్‌లో ఒక్కసారి వినాలి, పట్టుకోవాలి. రీప్లే బటన్ లేదు.

ఒక మాట క్లియర్‌గా చెప్పాలి. వాళ్లు "బ్లూస్ వాయిస్తున్నాం" అనుకుని వాయించలేదు. వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, జైవ్, తర్వాత రాక్ అండ్ రోల్, ట్విస్ట్. కానీ ఆ రాక్ అండ్ రోల్ పాటల్ని విప్పి చూస్తే చాలావాటి లోపల ఉన్నది పన్నెండు బార్ల బ్లూసే. మిసిసిపీ పొలంలో పుట్టిన లెక్క, పేరు మార్చుకుని, మన రైల్వే క్వార్టర్స్‌లోకి డాన్స్ పాటగా వచ్చింది. మా అంకుల్ కూడా కుర్రతనంలో అలాంటి బ్యాండ్‌లో రిథమ్ గిటార్ వాయించారు. "బ్లూస్ అని ఎవరూ చెప్పలేదు మ్యాన్, జైవ్ అన్నారు, కొట్టేశాం" అనేవారు.

తర్వాత ఏమైంది? 1947 తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, కెనడా వెళ్లిపోయాయి. రాజ్యాంగంలో 336వ అధికరణం ప్రకారం రైల్వే, కస్టమ్స్, పోస్టల్, టెలిగ్రాఫ్ ఉద్యోగాల్లో వాళ్లకి ప్రత్యేక కోటా ఉండేది. అది రెండేళ్లకోసారి పదో వంతు చొప్పున తగ్గుతూ పదేళ్లలో పూర్తిగా ఆగిపోయింది. ఉద్యోగం మీద భరోసా పోయాక పిల్లల భవిష్యత్తు కోసం వెళ్లినవాళ్లు ఎక్కువ. 2020 జనవరి నుంచి లోక్‌సభలో, అసెంబ్లీల్లో వాళ్ల నామినేటెడ్ సీట్లు కూడా లేవు.

మన గిటార్ కథలో దీని అర్థం ఏంటంటే, పక్కింట్లో కూర్చుని చూసి నేర్చుకునే అవకాశం తగ్గిపోయింది. వాయించే మనిషి ఎదురుగా ఉంటే ఆయన వేలు ఎంత వంచుతున్నాడు, ఎక్కడ ఆగుతున్నాడు, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడు, అన్నీ కనిపిస్తాయి. ఆయన వెళ్లిపోతే మిగిలేది క్యాసెట్, తర్వాత ట్యాబ్ కాగితం. కాగితం మీద ఫ్రెట్ నంబర్ ఉంటుంది, ఊపిరి ఉండదు.

పెన్సిల్, క్యాసెట్, అంకుల్

మా తరం క్యాసెట్‌తో నేర్చుకుంది. ఒక లిక్ వినాలంటే రివైండ్, ప్లే, రివైండ్, ప్లే. బ్యాటరీ ఖర్చవుతుందని పెన్సిల్ పెట్టి చేత్తో తిప్పేవాళ్లం. బ్యాటరీ వీక్ అయితే పాట నెమ్మదిస్తుంది, శ్రుతి కిందికి జారుతుంది. అప్పుడు గిటార్ ట్యూనింగ్ కూడా దానికి తగ్గట్టు దించుకోవాలి! చేతిలో ఉన్నదేమో చవక అకూస్టిక్, తీగలు ఫ్రెట్ల నుంచి ఇంత ఎత్తులో. బెండ్ చేస్తే వేలు తెగేది.

యాన్యువల్ డే తర్వాత నెల రోజులు మొహం చాటేసి, ఆఖరికి మెట్టుగూడ వెళ్లి అంకుల్ తలుపు కొట్టా. ఆయన నన్ను గిటార్ ముట్టుకోనివ్వలేదు. "ముందు పాడు" అన్నారు. "నాకు పాడటం రాదు అంకుల్" అంటే, "నాకూ రాదు. నోటితో అనగలిగినంతే వాయించు. నోరు ఆగిన చోట చెయ్యి కూడా ఆగాలి" అన్నారు. అంతే, అదే మొత్తం సిలబస్. ఆరు నెలల తర్వాత ఆయన పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. నాకు ఆయన నేర్పిన లిక్స్ మొత్తం కలిపి ఐదు కూడా ఉండవు.

పాలకొల్లు అబ్బాయి

"ముందు పాడు" అనేది మన తెలుగువాళ్లకి కొత్త కాదని చాలా తర్వాత తెలిసింది. మాండొలిన్ శ్రీనివాస్ గురించి వినే ఉంటారు. ఉప్పలపు శ్రీనివాస్, 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. నాన్న సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్ల వయసులో ఇంట్లో ఉన్న మాండొలిన్ పట్టుకున్నాడు పిల్లాడు. రుద్రరాజు సుబ్బరాజు గారి దగ్గర శిష్యరికం. ఇక్కడ విశేషం ఏంటంటే, గురువుగారికి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాడినదాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లే లేరు.

మాండొలిన్ ఇటలీ వాద్యం. జంట తీగలు, టింగుమని మోగి ఆగిపోతుంది. కర్ణాటక సంగీతానికి గమకం కావాలి, స్వరం సాగాలి, ఊగాలి. అందుకే శ్రీనివాస్ ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. బాంజో తీగ కట్టుకున్న అమెరికా వాళ్ల సమస్యే ఇది కూడా! చెవిలో ఉన్న గొంతు చేతిలో ఉన్న వాద్యంలోంచి రావట్లేదు, కాబట్టి వాద్యాన్నే మార్చుకున్నారు. 1978లో గుడివాడలో మొదటి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్. 1998లో పద్మశ్రీ. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో "రిమెంబర్ శక్తి" బృందంలో ప్రపంచమంతా తిరిగారు. మెక్‌లాఫ్లిన్ ఎవరు? ఇంగ్లండ్‌లో చిన్నప్పుడు అమెరికన్ బ్లూస్ విని గిటార్ పట్టినవాడు. అంటే మిసిసిపీ దారిలో వచ్చిన ఒకరు, పాలకొల్లు దారిలో వచ్చిన ఒకరు ఒకే స్టేజ్ మీద ఒకరికొకరు బదులిచ్చుకున్నారు. 2014లో 45 ఏళ్లకే శ్రీనివాస్ వెళ్లిపోయారు. ఆ వీడియోలు ఉన్నాయి, చూడండి. చేతులు కాదు, ముందు కళ్లు మూసుకుని వినండి.

ఇప్పుడు గిటార్ తీయండి

సరే, ప్రాక్టికల్‌గా చూద్దాం. ఏ మైనర్ పెంటటోనిక్, ఐదో ఫ్రెట్ దగ్గర. స్వరాలు ఏ, సీ, డీ, ఈ, జీ. ఏని "స" అనుకుంటే ఇవి స గ మ ప ని. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు వెంటనే పట్టేస్తారు, ఇవి శుద్ధ ధన్యాసి స్వరాలు. అలాగని బ్లూస్ ఒక రాగం కాదు. కింద కార్డ్స్ మారుతూ ఉంటాయి, స్వరం రుచి దాన్నిబట్టి మారుతుంది. కానీ ఈ ఐదు స్వరాలు మీ చెవికి కొత్త కాదు అని చెప్పడానికే అన్నాను.

కింద నడిచే పన్నెండు బార్లు ఇవి: నాలుగు బార్లు ఏ, రెండు డీ, రెండు ఏ, తర్వాత ఒక్కొక్కటి ఈ, డీ, ఏ, ఈ. మళ్లీ మొదటికి. ప్రతి బీట్‌నీ మూడుగా విడగొట్టి, మొదటిదీ మూడోదీ పలికించాలి. దాన్ని షఫుల్ అంటారు. బోనాల్లో తీన్‌మార్‌కి కాలు కదిపినవాళ్లకి మూడు లెక్క నేనేం చెప్పాలి!

ఇప్పుడు బెండ్. రెండో తీగ ఐదో ఫ్రెట్ వాయించండి. అది ఈ, మన "ప". ఆ శబ్దం చెవిలో పెట్టుకోండి, నోటితో అనండి. ఇప్పుడు మూడో తీగ ఏడో ఫ్రెట్. అది డీ, మన "మ". ఉంగరపు వేలితో నొక్కి, వెనక ఇంకో రెండు వేళ్లు సాయం పెట్టి, తీగని పైకి తొయ్యండి. ఇందాక విన్న "ప" దాకా రావాలి.

(గిటార్ మీద వాయించి చూపించారు)

ఇదిగో, ఇక్కడ ఆగితే తక్కువ. ఇక్కడికి వస్తే ఎక్కువ. చెవే చెప్తుంది. మణికట్టు తిప్పండి, వేలు ఒక్కదాని బలంతో చేస్తే నొప్పి మిగుల్తుంది. రోజూ ఐదు నిమిషాలు ఇదొక్కటే చేయండి.

రెండోది, మూడో తీగ ఐదో ఫ్రెట్, అది సీ, మన "గ". దాన్ని కొంచెం, చాలా కొంచెం వంచండి. పక్క ఫ్రెట్ దాకా వెళ్లొద్దు. సగం దారిలో వదిలేయండి.

(మళ్లీ వాయించారు)

ఈ సౌండ్ పియానోలో లేదు. కింద ఏ సెవెన్ కార్డ్‌లో పెద్ద గాంధారం మోగుతుంటుంది, పైన మీరు చిన్న గాంధారం నుంచి దాని వైపు బయల్దేరి మధ్యలో ఆగారు. ఆ గొడవే బ్లూస్ రుచి. ట్యాబ్‌లో దీన్ని ఒక చిన్న బాణం గుర్తుతో రాస్తారు. నేను ఆ రోజు ఆ గుర్తుల్ని పట్టించుకోలేదు. అంకుల్ అన్న స్పెల్లింగ్ అంటే అదే.

మూడోది, ఆగడం. మూడు నాలుగు స్వరాల లిక్ ఒకటి వాయించండి, ఆపేయండి. రెండు బార్లు మౌనం. మళ్లీ అదే లిక్. మళ్లీ మౌనం. మూడోసారి దానికి బదులు ఇవ్వండి. బుర్రకథ చూశారా? కథకుడు ఒక మాట అంటాడు, పక్కన వంతలు "తందాన తాన" అందుకుంటారు. వంతలకి చోటు ఇవ్వకుండా కథకుడే గుక్క తిప్పుకోకుండా చెప్పుకుంటూ పోతే ఎవరు వింటారు? నా సోలో అలాగే ఉంది.

ఫోన్ ఉంది కదా

మీ చేతిలో ఉన్న ఫోన్‌లో ఏ వీడియోనైనా సగం స్పీడ్‌లో పెట్టొచ్చు, శ్రుతి మారదు. రికార్డుని 16లో తిప్పిన ఆ కుర్రాళ్లు ఇది చూస్తే ఏడ్చేవాళ్లు. వాడుకోండి. కానీ ఒక చిన్న నియమం. ముందు స్క్రీన్ తిప్పేసి, వినండి. నోటితో అనండి. తర్వాత మీ గిటార్ మీద వెతకండి. అస్సలు దొరక్కపోతే అప్పుడు ట్యాబ్ చూడండి. పది లిక్స్‌కి పట్టే టైమ్‌లో ఒక్కటే వస్తుంది. కానీ అది మీదవుతుంది. పైగా వెతుకుతుంటే తప్పులు వస్తాయి. వాటిలో ఒకటో రెండో బాగుంటాయి, వాటిని పారేయకండి. బీబీ కింగ్ వణుకు కూడా అలా వచ్చిందే.

ఆఖరిది, ఇందాక గుర్తుపెట్టుకోమన్న విషయం. ప్లాట్‌ఫామ్ మీద కత్తితో వాయించిన మనిషి పేరు మిగల్లేదు. బ్లూస్ చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ జరిగింది. వాయించింది ఒకరు, డబ్బు వచ్చింది ఇంకొకరికి. లెడ్ జెప్లిన్ "హోల్ లాట్టా లవ్" పాట విషయంలో పాత బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది, 1987లో సెటిల్ అయింది. మన ఊళ్లో శనివారం రాత్రుళ్లు డాన్స్ బ్యాండ్లలో వాయించినవాళ్ల పేర్లు కూడా పుస్తకాల్లో పెద్దగా కనిపించవు.

కాబట్టి ఈ వారం హోంవర్క్ రెండు. ఒకటి, ఆ "మ" నుంచి "ప" బెండ్. రెండు, మీ ఇంట్లోనో వీధిలోనో పాత రోజుల్లో ఏదో ఒక వాద్యం వాయించిన పెద్దాయనో పెద్దావిడో ఉంటారు. పెళ్లి బ్యాండ్ కావచ్చు, చర్చి క్వయర్ కావచ్చు, భజన మండలి కావచ్చు. వెళ్లి కూర్చోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎలా నేర్చుకున్నారు అని అడగండి. వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. నేను అంకుల్‌ని ఒక్కసారి కూడా రికార్డ్ చేయలేదు. ఆయన గిటార్ ఎలా మోగేదో ఇప్పుడు నాకు గుర్తు చేసుకుంటేనే వినపడుతుంది, మీకు వినిపించలేను.

అంతే ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. నెమ్మదిగా వాయించండి, రైలు ఎక్కడికీ పోదు. నమస్తే.